నిదానం నడిపిన బస్సు

నిదానం అన్నది అతనికి బావమరిది పెట్టిన పేరు. అక్క పెళ్లయిన కొత్తలో బావ భోజనానికి కూర్చుంటే, మిగతావాళ్లంతా చేతులు కడుక్కుని, కబుర్లు చెప్పుకుని, ఒక కునుకు కూడా తీసి లేచేవారట. బావ ఇంకా కంచం ముందే ఉండేవాడట. ఏదైనా అడిగితే, అడిగినవాళ్లు ఆ సంగతి వదిలేసి ఇంకో మాటలో పడ్డాక జవాబు వచ్చేది. కోపమూ అంతే. పొద్దున జరిగినదానికి సాయంత్రం మొహం ముడుచుకునేవాడు. అది ఎందుకో అప్పటికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పనిచేసే చోటికి పాకింది. అతను కాదనలేదు. కాదనడానికి నోరు తెరిచేలోపే అది స్థిరపడిపోయింది.

అతను బస్సు డ్రైవరు. కొండమీది ఊరికి ఒక చిన్న విమానాశ్రయం ఉండేది. కొండల కింద మైదానంలో ఇంకొకటి. గాల్లో చూస్తే రెండూ ఇరుగుపొరుగే. విమానం ఒకచోట లేచి కుదురుకునేసరికి రెండోచోట దిగడానికి తయారవ్వాల్సి వచ్చేది. నేల మీద ఆ దూరం వేరే దూరం. దారి ఒక వాగు వెంట వంకర్లు పోయి, ఒక కొండ ఎక్కి, అంత కష్టపడి ఎక్కినదంతా దిగి, మళ్లీ ఇంకో కొండ పట్టేది. ఎదురుగా ఊరి ఇళ్లు కనిపిస్తుండగానే అటు వీపు తిప్పి ఇంకో లోయలోకి పోయేది. పొద్దున కింద బయలుదేరిన బస్సు పైకి చేరేసరికి మధ్యాహ్నం ఎండ వాలిపోయేది. వాన ఉంటే చెప్పనక్కర్లేదు.

వానాకాలంలో కొండమీద పొగమంచు పట్టేది. దిగడానికి వచ్చిన విమానం ఊరి మీద రెండు చుట్లు తిరిగి, ఏమీ కనిపించక కింది విమానాశ్రయానికి వెళ్లి దిగేది. అక్కణ్ణుంచి ప్రయాణికుల్ని పైకి తీసుకురావడానికి విమానాల కంపెనీ రెండు బస్సులు పెట్టింది. ఒకటి నిదానానిది, రెండోది బావమరిదిది. ఆ నాలుగు నెలలూ ఇద్దరూ కింది విమానాశ్రయం వెనక రేకుల గదిలో ఉండేవారు. రెండు మంచాలు, ఒక స్టవ్వు, తడిసిన బట్టలు ఎప్పటికీ ఆరని ఒక తాడు. భార్య పైన ఊళ్లోనే ఉండి, ఒక హోటలు వాళ్ల దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది.

ఊరి మీదికి వచ్చి, కిటికీలోంచి మబ్బుల కింద తమ ఊరి వాసన పీల్చినంత పని చేసి, మళ్లీ ఎక్కడో దిగి బస్సెక్కాల్సిన మనుషులు ఎంత చిరాకుగా ఉంటారో ఊహించుకోవచ్చు. ఫోన్లో మ్యాపు ఒక టైము చెప్పేది, కౌంటరు అమ్మాయి ఇంకో టైము చెప్పేది, దారి తన ఇష్టం వచ్చినంత తీసుకునేది. ఆ తేడాకి పడాల్సిన తిట్లన్నీ డ్రైవరుకే. బావమరిది తిట్టినవాళ్లని ఎదురు తిట్టి, పందెం కట్టినట్టు తోలి, తొందరగా చేర్చేవాడు. నిదానం అద్దంలో ఒకసారి చూసి, మలుపు మలుపుకీ గేరు మార్చుకుంటూ పోయేవాడు. పాలవ్యాను నడిపిన రోజుల నుంచీ, తర్వాత బడి బస్సు నడిపిన రోజుల నుంచీ అతని చేతిలో బండికి ఒక్క గీత పడలేదు. దాన్ని గురించి ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోలోపల అతనికి అది చాలా ఇష్టమైన సంగతి.

ఆ రోజు వాన ముందు రోజు నుంచీ పడుతూనే ఉంది. విమానం కిందే దిగింది. ప్రయాణికులు సామాన్లు లాక్కుంటూ బస్సుల దగ్గరికి వస్తున్నారు. వాళ్లలో ఒక ముసలి జంట. భార్యకి రెండు కళ్లకీ ఆపరేషన్ అయి, పట్టీల మీద నల్ల కళ్లద్దాలు పెట్టారు. భర్త ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. పైన ఊళ్లో చాలాకాలం సెలూన్ నడిపి మానేసిన మనిషి. ఆమె కౌంటరు అమ్మాయిని ఆపి, ఈ ఇద్దరిలో మెల్లగా నడిపే డ్రైవరు ఎవరని అడిగింది. కళ్లకి కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పాడట. కౌంటరు అమ్మాయి నవ్వి, అసలు ఆయన పేరే నిదానమని చెప్పి, స్వయంగా తీసుకొచ్చి డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టింది.

రెండు బస్సులూ ఒకేసారి కదిలాయి. మొదటి కొండ ఎక్కేలోపే బావమరిది బస్సు మలుపుల్లో మాయమైంది.

సెలూన్ పెద్దాయనకి నోరు ఊరుకోదు. బస్సెక్కగానే డ్రైవరు మెడ వెనక జుట్టు చూసి, ఇది కత్తిరించింది మనిషేనా, గొర్రెలు కాసేవాడా అని అడిగాడు. నిదానం ఆలోచించి, రెండు మలుపులు దాటాక, నా భార్య అని చెప్పాడు. బస్సంతా నవ్వింది. తర్వాత పెద్దాయన తన భార్యకి దారి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమెకి కనిపించదు కదా, కిటికీలోంచి కనిపించేదంతా చెబుతున్నాడు. ఇప్పుడు వాగు వచ్చింది, నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఇప్పుడు ఒక గేదె రోడ్డు మీద పడుకుని మనల్ని చూస్తోంది, లేచే ఉద్దేశం లేదు, మీ అన్నయ్య లాగా. ఆమె చిన్నగా నవ్వేది. నిదానం కూడా ముందుకు చూస్తూనే నవ్వుకున్నాడు. ఆ దారిని అంత అందంగా ఎవరైనా చెప్పగా అతను వినలేదు.

రెండో కొండ సగం ఎక్కాక ఆ మాటలు తగ్గాయి. ఆమె, "ఇప్పుడేం వచ్చింది?" అని అడుగుతోంది. ఆయన కాసేపటికి, చెట్లు అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. చెట్లే అన్నాడు. నిద్ర వస్తోందేమో అనుకున్నాడు నిదానం.

ఇంకో రెండు లోయలు తిరిగితే ఊరు. ఆసుపత్రి ఊరి ఈ చివరనే ఉంటుంది. అక్కడే, కొండని నిలువునా కోసి రోడ్డు వేసిన చోట, పైనుంచి రాళ్లు పడుతున్నాయి. నిదానం బస్సు ఆపాడు. బావమరిది ఇంకా రాళ్లు మొదలవ్వకముందే దాటిపోయినట్టున్నాడు, తడి మట్టిలో అతని టైర్ల జాడ ఉంది. నిదానం గొడుగు కూడా లేకుండా దిగి కొండ వైపు చూశాడు. పిడికిలంత రాళ్లు, మధ్యమధ్య గుమ్మడికాయంతవి, మట్టితో కలిసి జారి రోడ్డు మీద ఎగిరి లోయలోకి పోతున్నాయి. కాసేపు ఆగుతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. ఫోన్లకి సిగ్నలు లేదు. బస్సు వెనక అప్పటికే లారీలు ఆగిపోయాయి, వెనక్కి తిప్పే చోటు లేదు.

లోపలికి వచ్చేసరికి పెద్దాయన చెమటలో తడిసిపోయి ఉన్నాడు. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. గ్యాసు పట్టిందని తనే అంటున్నాడు. వెనక సీట్లో మందుల షాపులో పనిచేసే ఒకామె ఉంది. ఆమె వచ్చి చెయ్యి పట్టుకు చూసి, నిదానాన్ని పక్కకి పిలిచి, ఇది గ్యాసు కాదని, తొందరగా ఆసుపత్రికి చేర్చాలని చెప్పింది.

అప్పుడే లారీల పక్కనుంచి ఇరుక్కుంటూ కూరగాయల జీపు ఒకటి ముందుకొచ్చింది. జీపు డ్రైవరు రాళ్లు ఆగే సందు చూసుకుని దాటేస్తానన్నాడు. సంగతి తెలిసి, పెద్దాయన్ని తన బండిలో వేయమన్నాడు. బస్సులో సగంమంది వేయమన్నారు, సగంమంది వద్దన్నారు. అందరూ నిదానం వైపు చూశారు.

అతను మళ్లీ కొండ వైపు చూశాడు. జవాబు చెప్పడానికి అతనికి ఎప్పుడూ టైము కావాలి. ఆ రోజు మాత్రం వెంటనే చెప్పాడు.

"వద్దు. ఆ రాళ్ల కిందికి నేను ఎవర్నీ పంపను."

మందుల షాపామె, ఇక్కడే ఉంచితే ఏమవుతుందో మీకు అర్థమవుతోందా అని అడిగింది. అతను ముసలావిడ ముందు వంగి, అమ్మా, రాళ్లు పడుతున్నాయి, మీరు చూడలేరు, జీపులో వెళ్తే ప్రమాదం, ఆగితే మంచిదని నాకనిపిస్తోంది అన్నాడు. ఆమె అతని గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"నీకు తెలిసిన దారి బాబూ. నువ్వెలా చెబితే అలాగే."

పెద్దాయన కళ్లు మూసుకునే, నా సీటు నాకు బాగుంది, నేనెక్కడికీ రాను అన్నాడు. అది వేళాకోళమో, నిజంగానే అన్నాడో ఎవరికీ తెలియలేదు. నిదానం జీపు డ్రైవరుతో, దాటితే ఆసుపత్రిలో చెప్పి అంబులెన్సుని పంపమని, రోడ్డు పనివాళ్లకీ కబురు చేయమని చెప్పాడు.

జీపు కదిలింది. బస్సులో అందరూ అద్దాలకి అతుక్కుపోయారు. ఒక రాయి జీపు టాపు మీద పడి, ఎగిరి, లోయలోకి పోయింది. అంతే. జీపు అవతలికి చేరి, రెండుసార్లు హారన్ కొట్టి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

తర్వాత ఆగడం తప్ప చేయడానికి ఏమీ లేదు. వాన బస్సు రేకు మీద కొడుతోంది. మందుల షాపామె పెద్దాయన చొక్కా గుండీలు విప్పి, తన సంచిలో ఉన్న ఏదో బిళ్ల నమలమని ఇచ్చింది. ఆయన తల భార్య భుజం మీద వాలింది. ఆమె ఆయన చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఎంతోసేపటికి, "నిద్రపట్టిందా ఈయనకి?" అని అడిగింది. మందుల షాపామె వచ్చి చూసింది. చూసి, కింద బస్సు మెట్టు మీద నిలబడ్డ నిదానం వైపు తిరిగి, తల అడ్డంగా ఊపింది. ముసలావిడ తన భర్త చేతిని ఇంకోసారి తడిమి చూసుకుని, తనే తెలుసుకుంది. ఏడవలేదు. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

రోడ్డు పనివాళ్లు, వాళ్ల వెనకే అంబులెన్సు వచ్చేసరికి రాళ్లు ఎప్పుడో ఆగిపోయాయి. రోడ్డు మీద పెద్దగా ఏమీ లేదు. నలుగురు మనుషులు నాలుగు గడ్డపారలతో దొర్లించేశారు. నిదానం పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. కొండ మొత్తం విరిగి పడి ఉంటే బాగుండునని అతనికి ఆ క్షణంలో అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే భయం వేసి, వెళ్లి బస్సెక్కాడు.

ఆసుపత్రిలో అతను డాక్టరు గది బయట నిలబడ్డాడు. డాక్టరు రాగానే, జీపులో పంపి ఉంటే బతికేవాడా అని సూటిగా అడిగాడు. డాక్టరు చిన్న వయసువాడు. తప్పించుకోవడం ఇంకా రాలేదు.

"చెప్పలేను. కానీ వచ్చి ఉంటే, ఏదో ఒకటి చేయడానికి మాకు అవకాశం ఉండేది."

తర్వాత కంపెనీవాళ్లు విచారణ పెట్టారు. అది కింది విమానాశ్రయంలో. వానలకి దారి మళ్లీ పాడైందని అతనికి విమానంలో సీటు ఇచ్చారు. అన్నేళ్లుగా విమానం దిగినవాళ్లని మోసిన మనిషి విమానం ఎక్కడం అదే మొదలు. బెల్టు పెట్టుకోవడం పక్కవాళ్లని చూసి నేర్చుకున్నాడు. ఒకమ్మాయి పళ్లెంలో చాక్లెట్లు తెచ్చింది. ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కిటికీలోంచి తన దారి కోసం వెతికాడు. చెట్లు, మధ్యలో ఎక్కడో ఒక సన్నని గోధుమరంగు గీత, మళ్లీ చెట్లు. ఆ రాళ్లు పడే చోటు ఏదో పోల్చుకునేలోపు దిగబోతున్నామని చెప్పారు. నోట్లో చాక్లెట్ ఇంకా కరగలేదు. అతను దాన్ని మింగలేక, ఉమ్మలేక, చేతిగుడ్డలో పెట్టుకుని తల కిందికి దించుకున్నాడు. పక్కనున్నాయన భయం వేస్తోందా అని అడిగాడు. అవునన్నాడు.

విచారణలో మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. రాళ్లు పడుతుంటే బండి ఆపడమే నిబంధన, బస్సు నిండా ఉన్న జనాన్ని క్షేమంగా చేర్చారు, మీ మీద ఏ తప్పూ లేదు అన్నాడు. లేచి చేయి కలిపాడు. జీపు సంగతి ఎవరూ ఎత్తలేదు. నిదానమే ఎత్తాడు. అది మన బండి కాదు కదా అన్నాడు మేనేజరు.

ఆ రోజు నుంచీ విమానాశ్రయంలో ఎవరూ అతన్ని నిదానం అని పిలవలేదు. డ్రైవరుగారూ అనడం మొదలుపెట్టారు. కౌంటరు అమ్మాయి అతను కనిపిస్తే కాగితాల్లో తల దూర్చేది. బావమరిది ఒక్కడే ఉన్న మాట అన్నాడు. రేకుల గదిలో స్టవ్వు మీద గిన్నె పెడుతూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"నేనైతే దాటేసేవాణ్ణి బావా. దాటేవాణ్ణో, బస్సు నిండా జనంతో లోయలో పడేవాణ్ణో, అది మాత్రం నాకూ తెలీదు."

నిదానం ఆ మాటే తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. అంతవరకూ అతనికి మెల్లగా పోవడమన్నది ఒక నిర్ణయం కాదు, ఒంటి తీరు. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ, ఎందుకు పెడుతున్నాను అని లోపల ఎవరో అడుగుతున్నట్టుండేది. ఒకరోజు రోడ్డుకి అడ్డంగా ఒక కొమ్మ పడి ఉంటే, దిగి తీయాలో పక్కనుంచి పోవాలో తేలక, అలాగే స్టీరింగు పట్టుకుని ఉండిపోయాడు. వెనక ప్రయాణికులు అరిచాక గానీ కదల్లేదు.

ముసలావిడని చూసి వస్తానని అతనంటే భార్య వద్దంది. "వెళ్లి ఏమంటారు? వాళ్ల పుండు మీద మీరు చెయ్యి వేయడమే కదా," అంది. అతను నాలుగు రోజులు ఆగి, అయినా వెళ్లాడు.

మూసేసిన సెలూన్ పైన రెండు గదులు. మెట్ల మీద ఇంకా ఆ పాత సబ్బు వాసన ఉంది. ఆమె కళ్లకి పట్టీలు తీసేశారు. తలుపు తీసి, ఎవరో తెలియనట్టు చూసింది. అతను, "అమ్మా, నేను..." అన్నాడో లేదో, ఆమె గొంతు పోల్చుకుంది. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. మంచినీళ్లు ఇచ్చింది. తను ఎదురుగా కూర్చుని అతని మొహం పరీక్షగా చూసింది.

అతను వచ్చింది తిట్టించుకోవడానికి. తిడితే లోపల ఉన్న బరువు ఎక్కడో ఒకచోట దిగుతుందని అతని ఆశ. జీపు సంగతి తనే చెప్పుకొచ్చాడు. అది క్షేమంగా దాటిందని, ఆమె చూడలేదు కాబట్టి చెప్పాలనిపించిందని అన్నాడు.

"హారన్ విన్నాను," అంది ఆమె.

అతని చేతిలో ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. తర్వాత ఆమే నెమ్మదిగా అంది.

"మెల్లగా నడిపేది ఎవరని అడిగి మరీ నీ బస్సు ఎక్కించింది నేను. ఆయన ఆ రెండో బస్సే ఎక్కుదామన్నారు. జీపు వద్దని నువ్వంటే, సరేనన్నది కూడా నేనే. నిన్ను తిట్టాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి బాబూ. ఆ ఓపిక నాకిప్పుడు లేదు. నీమీద కోపం లేదని చెప్పను. ఉంది. కానీ దాన్ని నీకివ్వను. మళ్లీ రాకు."

అతను లేచి, చేతులు జోడించి, మెట్లు దిగి వచ్చేశాడు. ఇంటికొచ్చాక భార్య ఏమందని అడిగితే, మంచినీళ్లు ఇచ్చింది అన్నాడు. ఆ పూట భోజనం గబగబా మింగేసి లేచాడు. భార్య కంచం వైపు, అతని వైపు చూసింది. తర్వాత కూడా అతను అలాగే తినేవాడు, రుచి తెలియకుండా, పని వదిలించుకున్నట్టు.

వానాకాలం అయ్యాక అతను బస్సు వదిలేశాడు. కంపెనీవాళ్లు కింద విమానం దగ్గర్నుంచి గేటు దాకా జనాన్ని చేర్చే బస్సు ఇస్తామన్నారు. వద్దని, రోడ్ల శాఖ ఆఫీసుకి వెళ్లాడు. ఆ రాళ్లు పడే చోట వానల్లో రాళ్లు తోసే పొక్లెయిన్ బండి ఒకటి నిలబెట్టి ఉంచమని, అక్కడే ఉండి అది నడపడానికి తనని పెట్టుకోమని అడిగాడు. ఇంజనీరు ముందు నవ్వాడు. ఈ వయసులో కొత్త పని ఏమిటి, అక్కడ కాపురం ఉండేదెవరు అన్నాడు. అతను వెళ్లి, మళ్లీ వచ్చాడు. వెళ్లి, మళ్లీ వచ్చాడు. అడగడంలో కూడా అతనికి తొందర లేదు. విసిగిపోయి ఇంజనీరు ఒప్పుకున్నాడు. తనలో సగం వయసు కుర్రాళ్ల పక్కన కూర్చుని పొక్లెయిన్ నేర్చుకున్నాడు. మొదట్లో దాని చెయ్యి ఎత్తబోతే బండే గిర్రున తిరిగేది. కుర్రాళ్లు పకపకా నవ్వేవాళ్లు.

రాళ్లు పడే చోటికి కాస్త ఇవతల ఒక రేకుల షెడ్డు వేసి ఇచ్చారు. అది కింది గది కంటే చిన్నది. రాత్రీ పగలూ కొండ మీంచి నీళ్లు కారే చప్పుడు. భార్య వారానికోసారి బస్సులో వచ్చి, ఉతికిన బట్టలు ఇచ్చి, మాసినవి తీసుకుపోయేది. మీరిక్కడ కూర్చుంటే ఆయన లేచొస్తాడా అని ఒకసారి అడిగేసింది. రాడన్నాడు. మళ్లీ ఆ ప్రసక్తి ఇద్దరూ తేలేదు.

రాళ్లు పడేవి. అతను కొండ వైపు చూస్తూ, ఆగిన సందులో వెళ్లి తోసి, వెనక్కి వచ్చేవాడు. ఒకసారి రాయి పడి ముందు అద్దం పగిలింది, నుదుటికి కుట్లు పడ్డాయి. ఇంకోసారి కొండ నిజంగానే విరిగి, పొక్లెయిన్ చేయగలిగింది లేక, అంబులెన్సు ఒకటి అవతలే ఆగిపోయింది. లోపల ఉన్నదెవరో, ఏమయ్యారో అతను ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం చాల్లేదు. దాటించిన బండ్లూ ఉన్నాయి. వాటినీ లెక్కపెట్టుకోలేదు.

రెండో ఏడు వానల్లో ఒక పొద్దున, రోడ్డు మూసుకుపోయి బండ్లు ఆగాయి. ఆగినవాటిలో మొదటిది బావమరిది బస్సు. అతను దిగి, తడుస్తూ పొక్లెయిన్ దాకా వచ్చి నిలబడ్డాడు. ఇంకెంతసేపు పడుతుంది బావా, జనం అడుగుతున్నారు అన్నాడు. చూసి చెప్తానన్నాడు నిదానం. బావమరిది తొందరపెట్టలేదు. అక్కడే, బురదలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నిదానం బండెక్కి, ఒకటొకటిగా రాళ్లు తోసి, చెయ్యి ఊపి రమ్మన్నాడు. బస్సు మెల్లగా పక్కనుంచి పోతుంటే కిటికీల్లోంచి మొహాలు కనిపించాయి. అతను అటు చూడలేదు. పైనుంచి ఇంకేదైనా కదులుతోందేమోనని, చివరి లారీ దాటేదాకా, తలెత్తి కొండనే చూస్తూ ఉన్నాడు.